సమాధానం: నైలు మూలం కనుక్కున్నది బర్టనా, స్పీకా?

మీ పాప స్కూలు ప్రాజెక్టుకు నైలు నది మూలం కనుక్కున్నది ఎవరని రాయాలో అడిగారు కదా; బర్టన్, స్పీక్ ఇద్దరూ ఆఫ్రికాలో తిరిగిన బ్రిటిష్ అన్వేషకులు. ప్రాజెక్టులో స్పీక్ పేరే రాయించండి. పుస్తకాల్లో ఇద్దరి పేర్లూ కనబడటానికి కారణం, 1858లో ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సుకు ఇద్దరూ కలిసే వెళ్లారు. తర్వాత జబ్బుపడ్డ బర్టన్ వెనక ఆగిపోతే, స్పీక్ ఉత్తరానికి వెళ్లి విక్టోరియా సరస్సు చూశాడు. 1862లో మళ్లీ వచ్చి, అప్పట్లో అందులోంచి నైలు బయటికి దూకే రిపన్ జలపాతం కూడా చూశాడు. విక్టోరియాయే నైలు మూలమన్న స్పీక్ మాట బర్టన్ ఒప్పుకోలేదు, టాంగన్యికాయే మూలమని పట్టుబట్టాడు. ఇద్దరికీ అప్పటికే పడదు లెండి. చివరికి 1871లో లివింగ్‌స్టన్, స్టాన్లీ అనే మరో ఇద్దరు అన్వేషకులు వెళ్లి చూస్తే, టాంగన్యికా ఉత్తరపు కొసన ఉన్న రుసిజి నది సరస్సులోంచి బయటికి కాదు, లోపలికే పారుతోంది! బర్టన్ వాదనకు అదే పెద్ద దెబ్బ. 1875లో స్టాన్లీ విక్టోరియా చుట్టూ పడవలో తిరిగాక స్పీక్ మాట నిలబడింది. విక్టోరియాలోకి వచ్చే కగేరా నది గురించి కూడా ఒక లైను రాయించండి; నైలు అసలు మొదలు ఆ నదే అని కొందరంటారు కాబట్టి టీచర్ అడగొచ్చు.