పొదుపు ఉన్న పింఛనుదారులు కౌన్సిల్ ట్యాక్స్ కట్టాలా?

బ్రిటన్‌లో ఉంటున్న పెద్దల ఇంటిపన్ను (స్థానిక కౌన్సిళ్లు వసూలు చేసే కౌన్సిల్ ట్యాక్స్) గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఇవి ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం రాసినవి. అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

ప్రశ్న: మా నాన్నగారు సొంత ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. పింఛన్లన్నీ కలిపి వారానికి 205 పౌండ్లు వస్తాయి. బ్యాంకులో 17,200 పౌండ్లు ఉన్నాయి. పొదుపు 16,000 దాటింది కాబట్టి కౌన్సిల్ ట్యాక్స్ రాయితీ రాదన్నారు. నోరు కట్టుకుని దాచుకున్నందుకు ఇదా ఫలితం? – ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: కోపం తర్వాత పడొచ్చు, ముందు బిల్లు సంగతి చూద్దాం. మీ నాన్నగారు కౌన్సిల్ కన్నా ముందు అడగాల్సింది పెన్షన్ క్రెడిట్, అంటే తక్కువ ఆదాయమున్న పింఛనుదారులకు ప్రభుత్వమిచ్చే భత్యం. దానికి పొదుపు మీద గరిష్ఠ పరిమితి లేదు. 10,000 పౌండ్లు దాటిన ప్రతి 500కు (లేదా అందులో కొంత భాగానికి) వారానికి ఒక పౌండు ఆదాయం వస్తున్నట్టు లెక్కేస్తారు. ఆయన పొదుపు 10,000 కన్నా 7,200 ఎక్కువ. అంటే వారానికి 15 పౌండ్లు. 205తో కలిపితే 220. ఒంటరివారికి గ్యారంటీ క్రెడిట్ (పెన్షన్ క్రెడిట్‌లోని ప్రధాన భాగం) హామీ ఇచ్చే కనీస ఆదాయం 227.10 పౌండ్లు (దంపతులకు 346.60). కాబట్టి ఆయనకు వారానికి 7.10 పౌండ్లు రావాలి.

ఆ ఏడు పౌండ్లేనా అని వదిలేస్తే పెద్ద నష్టం. గ్యారంటీ క్రెడిట్ ఒక్క పౌండు వచ్చినా చాలు, కౌన్సిల్ ట్యాక్స్ రాయితీకి 16,000 పరిమితి ఇక వర్తించదు. ఇంట్లో వేరే పెద్దవాళ్లు లేకపోతే బిల్లు మొత్తం పోతుంది. సంపాదించే కొడుకో కూతురో కలిసి ఉంటే వాళ్ల పేరున కొంత కోత పడుతుంది.

ఆన్‌లైన్‌లో గానీ, ఫోన్‌లో గానీ దరఖాస్తు చేయండి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు, ప్రతి పింఛను ఎంత వస్తుందో, దరఖాస్తు రోజున ప్రతి ఖాతాలో ఎంత ఉందో దగ్గర పెట్టుకోండి. అర్హత ముందునుంచే ఉంటే మూడు నెలల వెనక్కి కూడా ఇస్తారు. మంజూరు ఉత్తరం రాగానే కాపీ జతచేసి కౌన్సిల్‌కు మళ్లీ రాయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పెన్షన్ క్రెడిట్ వచ్చింది కదా, అదే సర్దుకుంటుందిలే అనుకుంటారు. మీరు మాత్రం విడిగా అడగండి.

ఇంకో పొరపాటు: కొందరు బ్యాంకు ఇచ్చే వడ్డీని కూడా ఆదాయంలో రాసేస్తారు. అక్కర్లేదు. పొదుపు మీద ఊహించిన ఆదాయం ఎలాగూ వేస్తారు కాబట్టి, అసలు వడ్డీని విడిగా కలపరు.

ప్రశ్న: నేను అద్దెకుంటూ కౌన్సిల్ ట్యాక్స్ మొత్తం కడుతున్నాను. ఇల్లూ, బ్యాంకులో డబ్బూ ఉన్న పెద్దలకు మినహాయింపు ఎందుకివ్వాలి? ఉన్నవాళ్లు కట్టాల్సిందే కదా? – ఒక పాఠకుడు, స్లౌ

జవాబు: కట్టాల్సిందే, ఆ మాటలో మాకూ తేడా లేదు. చెత్త ఎత్తడం, వీధి దీపాలు, లైబ్రరీ వయసు చూసి ఆగవు. కౌన్సిళ్ల ఖర్చులో పెద్ద వాటా వృద్ధుల, వికలాంగుల సంరక్షణకే పోతుంది. 2016 నుంచి దానికోసం బిల్లులో ప్రత్యేక వడ్డింపు కూడా ఉంది. పైగా పింఛనుదారుల రాయితీ నియమాలు ఇంగ్లండ్ అంతటా ఒకటే. పనిచేసే వయసువారి పథకాన్ని మాత్రం 2013 నుంచి ఏ కౌన్సిల్‌కు ఆ కౌన్సిలే రాసుకుంటోంది. ఎంత పేదవారైనా కొంత కట్టి తీరాలని చాలా చోట్ల పెట్టారు. మీ కడుపుమంటకు ఆధారం ఉంది.

అయితే ‘ఉన్నవాళ్లు’ ఎవరో తేల్చే పద్ధతే వంకరగా ఉంది. సొంత ఇంటి విలువను పొదుపులో కలపరు. ఎనిమిది లక్షల పౌండ్ల ఇంట్లో ఉంటూ బ్యాంకులో 15,000 ఉన్న ఆయనకు, ఆదాయం తక్కువైతే, రాయితీ దొరుకుతుంది. అద్దె ఫ్లాట్‌లో ఉంటూ 17,000 దాచుకున్న ఆవిడకు, గ్యారంటీ క్రెడిట్ లేకపోతే, దొరకదు. పన్ను కూడా ఇంటి విలువకు తగ్గట్టు పెరగదు. ఇంగ్లండ్‌లో బ్యాండ్లు (పన్ను కోసం ఇళ్లను విలువను బట్టి విడదీసిన తరగతులు) ఇప్పటికీ 1991 ఏప్రిల్ 1 నాటి ధరల మీదే ఉన్నాయి. అప్పట్లో 40,000 పౌండ్ల లోపున్న ఇల్లు ‘ఎ’ బ్యాండు, 3,20,000 దాటినది ‘హెచ్’. విలువలో ఎనిమిది రెట్లకు పైగా తేడా ఉన్నా పన్నులో మూడు రెట్లే.

అసలు అన్యాయం 16,000 దగ్గర ఉంది. ఏడాదికి 1,820 పౌండ్ల బిల్లు, అంటే వారానికి 35 అనుకుందాం. పొదుపును పక్కన పెడితే పూర్తి రాయితీకి సరిగ్గా సరిపోయే ఆదాయమున్న పింఛనుదారు ఒకరున్నారు. ఆయన దగ్గర 16,000 ఉంటే వారానికి 12 పౌండ్ల ఊహా ఆదాయం వేస్తారు. అదనపు ఆదాయంలో పౌండుకు 20 పెన్నీల చొప్పున రాయితీ తగ్గుతుంది కాబట్టి వారానికి 2.40, ఏడాదికి 125 పౌండ్లు కడితే సరిపోతుంది. 16,001 ఉంటే 1,820 మొత్తం కట్టాలి. ఒక్క పౌండు ఎక్కువ ఉన్నందుకు దాదాపు 1,695 పౌండ్ల పన్ను!

500 మీద వారానికి ఒక పౌండంటే ఏడాదికి 10.4 శాతం. అంత వడ్డీ ఏ మామూలు పొదుపు ఖాతా ఇస్తుందని అందరూ మొదట దీన్నే తిడతారు. కౌన్సిల్ ట్యాక్స్ విషయంలో అది చూపులకే భయంకరం. 20 పెన్నీల చొప్పునే కోత కాబట్టి చివరికి తగిలేది పొదుపులో సుమారు రెండు శాతం. అది మోయదగిన వాటా. ఆ వాలునే 16,000 దాటాక కూడా కొనసాగిస్తే పైన చెప్పిన మనిషి 20,000 ఉన్నప్పుడు ఏడాదికి 208 పౌండ్లు, 40,000 ఉన్నప్పుడు 624 కడతాడు. 97,500 దగ్గర పూర్తి బిల్లు పడుతుంది. అప్పుడు పొదుపు ఉన్నవారు ఉన్నంతలో కడతారు, దాచుకున్నవారికీ శిక్ష ఉండదు. కింది పరిమితిని 2009లో 10,000కు పెంచారు గానీ 16,000 అనే పై గీతను దశాబ్దాలుగా ముట్టుకోలేదు.

ఇక పెద్ద ఇల్లుండి చేతిలో డబ్బు లేనివారికి మాఫీ కన్నా వాయిదా మేలు. ఐర్లండ్‌లో 2013లో వచ్చిన స్థానిక ఆస్తి పన్నులో ఆదాయం తక్కువున్నవారు పన్నును వెనక్కి నెట్టుకోవచ్చు. అది వడ్డీతో ఇంటి మీద బాకీగా ఉండి, ఇల్లు అమ్మినప్పుడో చేతులు మారినప్పుడో తీరుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 55 దాటినవారికి అలాంటి ఏర్పాటే ఉంది. వారసులకు నచ్చదు, నిజమే. కానీ వారసుల వాటా కాపాడటం పక్కింటి అద్దెదారు బాధ్యత కాదు.

ప్రశ్న: పొదుపు అంటే ఏమేం లెక్కకొస్తాయి? స్వదేశంలో స్థలం ఉంది, భార్యతో ఉమ్మడి ఖాతా ఉంది. కూతురికి 10,000 ఇచ్చేస్తే పరిమితి లోపలికి వస్తాం. ఇవ్వొచ్చా? – ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: స్థలం లెక్కకొస్తుంది. బ్రిటన్ బయట ఉన్నా సరే, అక్కడి మార్కెట్ విలువ తీసుకుని, అమ్మకపు ఖర్చుల కింద పది శాతం, దాని మీద అప్పుంటే అదీ తీసేస్తారు. అక్కడి బ్యాంకు డిపాజిట్లు కూడా లెక్కకొస్తాయి. ఐసాలు (వడ్డీ మీద పన్ను లేని పొదుపు ఖాతాలు), ప్రీమియం బాండ్లు (వడ్డీ బదులు లాటరీ బహుమతులిచ్చే ప్రభుత్వ పొదుపు), షేర్లు అన్నీ కలుపుతారు. దంపతులిద్దరి డబ్బూ కలిపి చూస్తారు. పరిమితి మాత్రం ఇద్దరికీ కలిపి అదే 16,000. దంపతులకు రెట్టింపు ఉంటుందనుకుని తప్పు రాసేవారు ఎక్కువ.

రాయితీ కోసం కూతురికి ఇచ్చారని కౌన్సిల్ భావిస్తే, ఆ డబ్బు ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తుంది. డబ్బూ పోయి రాయితీ కూడా రాదు. అప్పు తీర్చడం, కారుతున్న పైకప్పు మార్పించడం, పాడైన బాయిలర్ కొనడం లాంటి సబబైన ఖర్చులకు ఆ ఇబ్బంది లేదు. రసీదులు దాచండి.

ప్రశ్న: పొదుపు చూడకుండా ఇచ్చే తగ్గింపులు ఏమైనా ఉన్నాయా? – ఒక పాఠకురాలు, మాంచెస్టర్

జవాబు: ఉన్నాయి. ఇంట్లో ఒక్కరే పెద్దవారుంటే (అంటే 18 నిండినవారు) 25 శాతం తగ్గుతుంది. డిమెన్షియా లాంటి తీవ్ర మానసిక వైకల్యం ఉన్నవారిని పెద్దల లెక్కలోంచి తీసేస్తారు. డాక్టర్ ధ్రువపత్రంతో పాటు అటెండెన్స్ అలవెన్స్ లాంటి భత్యానికి అర్హత చూపాలి. భార్యాభర్తల్లో ఒకరికి అలా ఉంటే రెండోవారు ఒంటరి కిందే లెక్క, 25 శాతం తగ్గింపు. ఆ రోగి ఒక్కరే ఉంటే ఇల్లు పూర్తిగా మినహాయింపు. మా అంచనాలో అడగకుండా వదిలేస్తున్న వాటిలో ఇదే మొదటిది, ఎందుకంటే డాక్టర్‌కు కౌన్సిల్ ట్యాక్స్ గుర్తుకు రాదు, కౌన్సిల్‌కు రోగం తెలియదు.

వికలాంగుల అవసరానికి అదనపు బాత్రూమ్ ఉన్నా, ఇంట్లో చక్రాల కుర్చీకి స్థలం కేటాయించినా ఒక బ్యాండు కిందికి దిగుతుంది. సొంతదారు శాశ్వతంగా కేర్ హోమ్‌కు వెళ్తే ఖాళీ ఇంటికి పన్ను లేదు.

ఒక హెచ్చరిక. వీసా మీద ‘ప్రభుత్వ నిధులు వాడరాదు’ అనే షరతున్న తల్లిదండ్రులు కౌన్సిల్ ట్యాక్స్ రాయితీకీ, పెన్షన్ క్రెడిట్‌కీ దరఖాస్తు చేయకూడదు. ఒంటరివారి 25 శాతం మాత్రం ఆ నిధుల కిందికి రాదు.

ప్రశ్న: కౌన్సిల్ కాదన్నాక ఏం చేయాలి? – ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: ఏ లెక్క తప్పో చెబుతూ ముందు కౌన్సిల్‌కే రాతపూర్వకంగా పంపండి. వాళ్లు తిరస్కరిస్తే, ఆ జవాబు వచ్చిన రెండు నెలల్లో వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు (ఇలాంటి వివాదాలు తేల్చే స్వతంత్ర సంస్థ) అప్పీలు చేయాలి. రెండు నెలలైనా జవాబే రాకపోతే మీరు ఉత్తరం పంపిన నాటి నుంచి నాలుగు నెలల గడువు. అప్పటిదాకా వచ్చిన బిల్లు కట్టడం ఆపకండి, బాకీ సమన్ల దాకా పోతుంది. ఏడాది బిల్లును మామూలుగా కట్టే పది నెలవారీ వాయిదాలు బరువైతే పన్నెండు అడిగే హక్కు మీకుంది. నిబంధనలన్నీ మూసుకుపోయినా, 1992 స్థానిక ప్రభుత్వ ఆర్థిక చట్టం సెక్షన్ 13ఎ(1)(సి) కింద కౌన్సిల్ తన విచక్షణతో ఎంతైనా తగ్గించవచ్చు. ఆ సెక్షన్ పేరు రాసి, నెల రాబడి, ఖర్చుల పట్టిక జతచేసి అడగండి.