పై అంతస్తుకు వైఫై అందాలంటే

ప్రశ్న: హన్మకొండలో మాది మేడ ఇల్లు. ఫైబర్ వాళ్లు పెట్టిన డబ్బా కింది హాల్లో టీవీ వెనకుంది. పైన సిగ్నల్ అందక కొత్త రౌటర్ కొన్నాం. కింది నుంచి వైరు లాగి పెడితే ఫోన్‌లో వైఫై కనిపిస్తోంది గానీ ‘ఇంటర్నెట్ లేదు’ అని వస్తోంది. రౌటర్ పాడైందా?

జవాబు: పాడైనట్టు లేదు, సెట్టింగ్ కుదరలేదంతే. కింది డబ్బాను ఓఎన్‌టీ అంటారు. ఫైబర్‌లో వచ్చే వెలుగును నెట్‌గా మార్చడం దాని మొదటి పని. ఇంట్లో ఒక్కో ఫోన్‌కు ఒక్కో అడ్రస్ ఇచ్చి ఆ నెట్‌ను పంచడం రెండోది. పంచే పని మీ కొత్త రౌటర్ కూడా నెత్తినేసుకుంటోంది. రెండింటి సొంత అడ్రసూ 192.168.1.1 అయితే గొడవ అక్కడే మొదలు.

రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేదిగా మార్చండి. ముందు కింది వైరు తీసేసి కరెంటు మాత్రమే ఇవ్వండి. అడుగున స్టిక్కర్ మీదున్న పేరు, పాస్‌వర్డ్‌తో దాని వైఫైకి ఫోన్ కలపండి. ఫోన్ బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొడితే సెట్టింగ్ పేజీ వస్తుంది. మొబైల్ డేటా ఆపాలి, లేకుంటే అది తెరుచుకోకపోవచ్చు. పేజీలో ‘యాక్సెస్ పాయింట్’ మోడ్ ఉంటే అది ఎంచుకుని సేవ్ చేసి, కింది వైరు మళ్లీ పెడితే చాలు.

ఆ మోడ్ లేకుంటే ఇదే వరుసలో చేయండి: వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. రౌటర్ అడ్రస్‌ను 192.168.1.2గా మార్చండి. రీస్టార్ట్ అయ్యాక ఆ కొత్త అడ్రస్‌తో పేజీ తెరిచి, చివర్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపండి. డీహెచ్‌సీపీ ముందే ఆపితే ఫోన్‌కు అడ్రస్ రాక మళ్లీ పేజీలోకి వెళ్లడం కష్టం. ఓఎన్‌టీ చివరి అంకె 2 నుంచి 254 దాకా ఉన్న అడ్రసులు పంచుతుంటే, దాని పేజీలో ఆ వరుసను 10 నుంచి మొదలయ్యేలా మార్చండి. ఇప్పుడు ఓఎన్‌టీ ల్యాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలకు వైరు పెట్టే రంధ్రం) నుంచి రౌటర్ ల్యాన్ పోర్టుకే వైరు పెట్టండి. రంగు వేరుగా ఉండే వ్యాన్ పోర్టు (బయటి నుంచి నెట్ వచ్చే రంధ్రం) ఖాళీగా ఉండాలి.

వైరు దగ్గర పిసినారితనం వద్దు. క్యాట్ 6 రకం నెట్ వైరు, అదీ అసలు రాగిది తీసుకోండి. లోపలి 8 తీగలూ కొసన ప్లగ్గులో బిగించి క్రింప్ చేయించాలి. నాలుగే కలిపితే ఎంత పెద్ద ప్లాన్ ఉన్నా వేగం 100 ఎంబీపీఎస్ దాటదు. గోడ బయటి నుంచి తెస్తే పీవీసీ పైపులో వేయండి. మన ఎండలకు లోపల వాడే వైరు తొడుగు పగిలిపోతుంది. స్లాబ్‌లోని ఇనుప చువ్వలు 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి కాబట్టే ఈ వైరు శ్రమ. 2.4 గిగాహెర్ట్జ్‌లో కిందిదానికి 1వ ఛానల్, పైదానికి 6 లేదా 11 ఇవ్వండి. కింది డబ్బాను కూడా టీవీ వెనక నుంచి తీసి, బీరువాకు దూరంగా, తల ఎత్తున పెట్టించండి.

ప్రశ్న: కాజీపేటలో ఉంటాం. కోతులు తీగలు గుంజినప్పటి నుంచి ఎల్‌వోఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. రీసెట్ చేయమంటారా?

జవాబు: రీసెట్ బటన్ ముట్టుకోకండి. అందులోని యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ (కంపెనీ లైనుకు ఇచ్చే గుర్తు సంఖ్య) చెరిగిపోతే ఒకటికి రెండు ఇబ్బందులవుతాయి. ఎర్ర లైటంటే ఫైబర్ వెలుగు డబ్బా దాకా రావడం లేదని. ఆకుపచ్చ కనెక్టర్ ‘టిక్’మనేదాకా నొక్కి చూడండి. ఫైబర్ ఎక్కడైనా మడత పడిందేమో వెతకండి. చుట్ట చుట్టాల్సి వస్తే అరచేయంత వెడల్పు ఉండాలి. కనెక్టర్ కొసను గుడ్డతో తుడవొద్దు, అందులోకి కన్ను పెట్టి చూడొద్దు. ఆ లేజర్ కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు.

తెగిందైతే లైన్‌మ్యాన్ అతికిస్తాడు. పోయేముందు ఫైబర్‌లో వెలుగు ఎంత వస్తోందో కొలిచే పవర్ మీటర్ రీడింగ్ చూపించమనండి. అది మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం (వెలుగు బలాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటే మంచిది. మైనస్ 27కు దిగితే నెట్ వస్తూ పోతూ ఉంటుంది, అతుకు మళ్లీ వేయించుకోండి.

ప్రశ్న: కరెంటు పోయినా నెట్ ఉండాలంటే ఏ మినీ యూపీఎస్ కొనాలి? (హసన్‌పర్తి)

జవాబు: అడాప్టర్ మీద రాసింది చూడండి. ఎక్కువగా 12 వోల్టులు, 1 లేదా 1.5 ఆంపియర్లు ఉంటుంది. వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకన్నా ఎక్కువైనా పర్వాలేదు. పిన్ను సైజు, లోపల ప్లస్సు బయట మైనస్సు గుర్తు కూడా సరిచూడండి. ఓఎన్‌టీ, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి. అంతా వెలుగుతున్నా కరెంటు పోయినప్పుడల్లా డబ్బా మీది పాన్ లైటు (ఆపరేటర్‌తో ఫైబర్ లింకు ఉందని చూపేది) ఆరిపోతుంటే, ఆపరేటర్ దగ్గరి మిషన్‌కు బ్యాకప్ ఉందో లేదో అడగండి. ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు చీల్చే, స్తంభం మీది స్ప్లిటర్‌కు కరెంటుతో పనే లేదు.