స్ట్రక్ట్‌ని ఉన్నదున్నట్టు మెమ్‌కాపీ చేసి పంపొచ్చా?

సెన్సర్ బోర్డు నుంచి గేట్‌వేకి (ఆ డేటా అందుకునే కంప్యూటర్) డేటా పంపడానికి స్ట్రక్ట్‌ని (సీ భాషలో కొన్ని ఫీల్డులను ఒకచోట కట్టే మూట) బఫర్‌లోకి మెమ్‌కాపీ చేసి, అంటే మెమరీలోని బైట్లను అలాగే కాపీ కొట్టి, సీరియల్ లైన్ మీద వదిలితే చాలదా, లైబ్రరీ ఎందుకు అని అడిగారు. రెండు వైపులా లేఅవుట్ (మెమరీలో ఏ ఫీల్డు ఎక్కడుందో ఆ అమరిక) ఒకటే అయినన్నాళ్లూ పనిచేస్తుంది. నేనూ ఏడాదిపాటు అలాగే నడిపించాను.

మా స్ట్రక్ట్‌లో మూడే ఫీల్డులు: 1 బైట్ ఐడీ, 4 బైట్ల టైమ్ (మిల్లీసెకన్లలో), 2 బైట్ల టెంపరేచర్ (డిగ్రీలో పదో వంతు లెక్కన). 8 బిట్ ఏవీఆర్ చిప్ మీద సైజాఫ్ (స్ట్రక్ట్ మొత్తం ఎన్ని బైట్లో) 7. తర్వాత 32 బిట్ కార్టెక్స్-ఎం బోర్డుకి మారాం, ఈ కోడ్ జోలికి వెళ్లలేదు. అప్పట్నుంచి గేట్‌వేలో టెంపరేచర్ సున్నా దగ్గర మొదలై సెకనుకు 0.4 డిగ్రీల చొప్పున ఎక్కుతూ పోయేది. రీసెట్ కొడితే మళ్లీ సున్నా. పాపం, సెన్సర్‌ని రెండుసార్లు మార్చాం.

కొత్త చిప్‌లో సైజాఫ్ 12. ఐడీ తర్వాత 3 బైట్లు, చివర్లో 2 బైట్లు కంపైలర్ పెట్టిన పాడింగ్, అంటే ఫీల్డులు చిప్‌కి అనువైన అడ్రస్‌లో మొదలయ్యేలా వదిలిన ఖాళీ బైట్లు. గేట్‌వేలోని పైథాన్ స్క్రిప్ట్ మాత్రం పాత లెక్క ప్రకారమే, సున్నా నుంచి లెక్కిస్తే 5, 6 స్థానాల్లో టెంపరేచర్ వెతుకుతోంది. అక్కడిప్పుడు ఉన్నవి టైమ్‌లోని మధ్య రెండు బైట్లు! 256 మిల్లీసెకన్లకోసారి ఒకటి పెరిగే ఆ అంకెనే మేం వేడి అనుకున్నాం. ప్యాకెట్ హెడర్‌లో పొడవు వస్తున్నా సరిచూసుకోకపోవడం మా తప్పే.

స్ట్రక్ట్‌కి ప్యాక్డ్ అని పెడితే పాడింగ్ పోతుంది కానీ, అందులోని 4 బైట్ల ఫీల్డుకి మామూలు పాయింటర్ తీసుకుని చదివితే అడ్రస్ 4 గుణిజం కానప్పుడు కార్టెక్స్-ఎం0 మీద హార్డ్‌ఫాల్ట్ (మామూలు కోడ్ ఆగిపోయే ప్రాసెసర్ లోపం) రావొచ్చు. బైట్ల వరుస (ఏ బైట్ ముందు వస్తుందన్నది) గొడవ ఎలాగూ మిగిలే ఉంటుంది: 25.0 డిగ్రీలంటే 250, హెక్స్‌లో 00 ఎఫ్ఏ. తిరగబడితే -153.6 డిగ్రీలు.

ఇప్పుడు నేను ఒక్కో ఫీల్డునీ షిఫ్ట్ చేసి బైట్ బైట్‌గా రాస్తాను, అటువైపు అలాగే చదువుతాను. ముందు వెర్షన్ బైట్, చివర సీఆర్‌సీ (దారిలో బైట్లు చెడితే పట్టిచ్చే అంకె). పదిలోపు ఫీల్డులకి ఇది చాలు. మెసేజ్ రకాలు పెరుగుతుంటే నానోపీబీ (చిన్న చిప్‌ల కోసం చేసిన ప్రోటోకాల్ బఫర్స్ లైబ్రరీ) వాడండి. అందులో నెగటివ్ విలువలు వచ్చే ఫీల్డుకి ఇంట్32 బదులు ఎస్ఇంట్32 పెట్టండి, లేకపోతే -1 కూడా 10 బైట్లు తింటుంది.

ఏది వాడినా, తెలిసిన విలువలతో ఒక ప్యాకెట్ తయారుచేసి, ఆ బైట్లను టెస్ట్‌లో చేత్తో రాసి పెట్టుకోండి. బోర్డు మార్చిన రోజు మొదట నడపాల్సింది అదే.