చెవి మెషిన్ పెట్టుకుంటే అంతా గోలే అంటున్నారా? కొత్తది కొనే ముందు ఇది చదవండి

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. కొన్నేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. పరీక్ష చేసి రెండు చెవుల్లోనూ లోపం ఉందన్నారు, మేం ప్రస్తుతానికి ఒక చెవికే మెషిన్ తీసుకున్నాం. పది రోజులు పెట్టుకుని ‘అంతా గోల, మాట మాత్రం అర్థం కావట్లేదు’ అంటూ తీసి డ్రాయర్‌లో పడేశారు. మెషిన్ వాడితే ఉన్న వినికిడి కూడా పోతుందని ఎవరో చెప్పారట. ఇంకో కంపెనీది కొనమంటారా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మెషిన్ కంటే దాని సెట్టింగ్, అలవాటు దగ్గరే పని మిగిలిపోయినట్టుంది. పది రోజులు అసలు సరిపోవు.

వయసుతో వచ్చే లోపంలో ముందుగా తగ్గేది సన్నని, అంటే కీచుగా ఉండే శబ్దాల వినికిడి. అచ్చులు బాగానే వినిపిస్తాయి, స, శ, త, క, ప లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే ‘పాలు’ అంటే ‘కాలు’ అనుకుంటారు, ‘తల’ అంటే ‘కల’ అనుకుంటారు. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. దీనికితోడు ఇంకో చిక్కు ఉంది. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు చిన్న శబ్దాలు వినపడవు కానీ పెద్ద శబ్దాలు మామూలు వాళ్లకి ఎంత పెద్దగా అనిపిస్తాయో వీళ్లకీ అంతే అనిపిస్తాయి. ‘కాస్త గట్టిగా చెప్పు’ అంటారు, గట్టిగా చెప్తే ‘ఎందుకలా అరుస్తావ్’ అని కోప్పడతారు, ఇంట్లో వాళ్లకేమో ఒళ్లు మండుతుంది. ఆయన మొండితనం కాదది, చెవి తీరే అంత.

ఇక గోల సంగతి. ఫ్యాను హోరు, కాగితం గరగర, గిన్నెల చప్పుడు, తన అడుగుల శబ్దం... ఇవన్నీ ఆయన మెదడు ఏళ్ల తరబడి వినలేదు. మెషిన్ ఒక్కసారిగా అన్నీ తెచ్చి ముందు పడేసింది. ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో మెదడు మళ్లీ నేర్చుకోవాలి, దానికి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు కూడా పడుతుంది. అప్పుడప్పుడు పెళ్లికో, ఫంక్షన్‌కో పెట్టుకుని వెళ్తే ఆ నేర్చుకోవడం ఎప్పటికీ జరగదు, పైగా జనం గోల మధ్య మొదలుపెట్టడమంటే కావాలని కష్టం కొనితెచ్చుకోవడమే. మొదట్లో రోజుకి రెండు మూడు గంటలు, ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఒక్కరితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు పెట్టుకోమనండి. తర్వాత టీవీ, తర్వాత నలుగురి మధ్య, ఆపైన వీధి. నెల తిరిగేసరికి మేలుకుని ఉన్నంతసేపూ చెవికి ఉంటే మంచిది.

ఈలోపు ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్ష చేసి మెషిన్ సెట్ చేసే నిపుణులు) దగ్గరికి మళ్లీ వెళ్లండి. అక్కడ ‘బాగాలేదు’ అని ఊరుకోవద్దు, ఎప్పుడు ఏం ఇబ్బందయిందో చిన్న కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ‘గిన్నెలు పెడుతుంటే చెవిలో గుచ్చినట్టుంది’ అంటే ఒక సెట్టింగ్ మార్చాలి, ‘నా గొంతు నాకే డబ్బాలో మాట్లాడినట్టుంది’ అంటే చెవిలో పెట్టే రబ్బరు ముక్క మార్చడమో, దానికి గాలి రంధ్రం పెంచడమో చేయాలి, మెషిన్ ఈల వేస్తుంటే ఆ ముక్క వదులుగా ఉందో, చెవిలో గుబిలి అడ్డుపడిందో చూడాలి. సన్నని గొట్టం లాంటి మైకును చెవి లోపలికి పెట్టి మెషిన్ ఇచ్చే శబ్దం నిజంగా ఎంత అందుతోందో కొలిచే పరీక్ష ఉంది, దాన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. అది చేశారా అని అడగండి, చేయకపోతే చేయమనండి. చాలా చోట్ల ఇది వదిలేస్తారు, నా లెక్కలో అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే.

ఒక చెవికే పెట్టించడం గురించి: రెండు చెవుల్లోనూ లోపం ఉంటే సాధారణంగా రెండిటికీ పెట్టుకోవడమే మేలు. శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియాలన్నా, గోలలో మాట పట్టుకోవాలన్నా రెండు వైపులా వినపడాలి. ముందు ఉన్నది కుదుటపడ్డాక రెండోదాని గురించి ఆలోచించండి.

ఉన్న వినికిడి పోతుందన్న మాట నమ్మకండి. పరీక్ష ప్రకారం సరిగ్గా సెట్ చేసిన మెషిన్‌లో శబ్దం హద్దు దాటకుండా కట్టడి ఉంటుంది. వయసుతో పాటు లోపం పెరగొచ్చు, అది మెషిన్ పెట్టుకున్నా పెట్టుకోకపోయినా పెరిగేదే. అలాగే ఇది పెట్టుకుంటే మతిమరుపు రానే రాదని ఎవరైనా అమ్మబోతే అదీ నమ్మొద్దు. 2023లో వచ్చిన ఎచీవ్ అనే అధ్యయనంలో మూడేళ్లు గమనిస్తే మెషిన్ పెట్టుకున్నవాళ్లకీ పెట్టుకోనివాళ్లకీ మొత్తం మీద తేడా కనిపించలేదు, మతిమరుపు ముప్పు ఎక్కువగా ఉండి మెషిన్ పెట్టుకున్నవాళ్లలో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే వేగం దాదాపు సగానికి పడింది. ఆశ పెట్టుకోవచ్చు, గ్యారంటీ మాత్రం కాదు.

మీరూ కొంత మారాలి. పక్క గదిలోంచి కేకేసి చెప్తే ఎంత మంచి మెషిన్ అయినా పనిచేయదు, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ మాట బలం తగ్గిపోతుంది, మధ్యలో ఉన్న చప్పుళ్లు దాన్ని మింగేస్తాయి. దగ్గరికి వెళ్లి, ముందు పిలిచి, ఆయన మీ ముఖం చూశాక మాట్లాడండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి. అరవొద్దు, అరిస్తే హల్లులు ఇంకా చెడిపోతాయి, కాస్త నిదానంగా చెప్తే చాలు. అర్థం కాకపోతే అదే వాక్యం నాలుగుసార్లు చెప్పే బదులు మాటలు మార్చి చెప్పండి. ‘ఏం లేదులే, వదిలెయ్’ అనే మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనకండి. పెద్దవాళ్లు నలుగురిలో కూర్చోవడం మానేసేది ఎక్కువగా ఆ మాటకే.

జాగ్రత్తల విషయానికొస్తే, స్నానానికి ముందు తీసేయాలి, రాత్రి తేమ లాగే డబ్బాలో పెట్టాలి, గుబిలి పట్టే చిన్న ఫిల్టర్ మార్చుతుండాలి. బిళ్ల బ్యాటరీ అయితే స్టిక్కర్ తీసి కొన్ని నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వేయండి. ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఆ బ్యాటరీలు అందకుండా దాచాలి, మింగితే అది ఎమర్జెన్సీ.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మెషిన్ సంగతి పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి. ఒక చెవి రెండోదానికంటే బాగా తగ్గడం, ఒకే చెవిలో హోరు, కళ్లు తిరగడం, చీము కారడం, నొప్పి. ఉన్నట్టుండి గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో వినికిడి పడిపోతే ఒక్క రోజు కూడా ఆగకండి. అప్పుడు స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ. మెషిన్ సరిగ్గా సెట్ చేసి, కొన్ని నెలలు రోజంతా వాడాక కూడా మాట అర్థం కాకపోతే, అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) పనికొస్తుందేమో పరీక్ష చేయించండి, 71 ఏళ్లు దానికి అడ్డేమీ కాదు.