ఇంట్లో కూర్చుని చేసే పనికి ఇంత అలసటా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. పగలు పదకొండింటికి లాగిన్ అవుతాను. క్లయింట్ అమెరికా వాళ్లు కావడంతో మీటింగులన్నీ సాయంత్రం ఆరున్నర తర్వాతే. పడుకునేసరికి ఒంటిగంట. బాబు స్కూలు బస్సు ఏడున్నరకి వస్తుంది కాబట్టి ఆరింటికల్లా లేవాలి. ఆరు నెలలుగా లేచేటప్పుడే నీరసం. మెసేజ్ చప్పుడు వింటే గుండె దడ. క్లయింట్ ఏమైపోతే నాకేంటి అనిపిస్తోంది. గంటలో అయ్యే పనికి పూట పడుతోంది. బాబు మీద ఊరికే అరుస్తున్నాను. రెండుసార్లు సెలైన్ పెట్టించుకుంటే రెండేసి రోజులు బాగుంది, మళ్లీ మామూలే. ఇంట్లో కూర్చుని చేసే పనికి అలసటేంటి అంటున్నారు మా అత్తగారు. ఇది డిప్రెషనా? ఉద్యోగం మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: ముందు సెలైన్ సంగతి తేల్చేద్దాం. అరలీటరు సీసాలో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవాళ్లకు అది ప్రాణం నిలబెడుతుంది. మామూలుగా తిని తిరుగుతున్న మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మరి రెండు రోజులు ఎందుకు బాగుందంటారా? సీసా ఎక్కుతున్నంతసేపూ కదలకుండా పడుకున్నారు, ఎవరూ మీకు పని చెప్పలేదు, బహుశా ఆ రోజు లాగిన్ కూడా అయి ఉండరు. మీకు పనిచేసింది ఆ విశ్రాంతేనని నా అనుమానం. నీరసం అనగానే సెలైన్ అడిగే అలవాటు మన వైపు ఎప్పటికి పోతుందో!

మీరు రాసిన లక్షణాలు చూస్తే బర్నవుట్, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలిసిపోవడం, అనే అనిపిస్తోంది. కానీ ఆ పేరు పెట్టేముందు ఒంట్లో వేరే కారణమేదీ లేదని చూసుకోవాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, షుగర్, బీ12 పరీక్షలు చేయించుకోండి. బీపీ చూపించుకోండి. దడ ఉందంటున్నారు కాబట్టి ఒక ఈసీజీ కూడా. మీ వయసు ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉండటం చాలా మామూలు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. థైరాయిడ్ తగ్గితే ఇలాగే నీరసం, మతిమరుపు వస్తాయి, పెరిగితే దడ వస్తుంది. ఇవన్నీ అమలాపురంలోనే అయిపోయే పరీక్షలు.

రిపోర్టులు బాగానే ఉన్నాయనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌కి ఒక నిర్వచనం ఇచ్చింది. దాన్ని జబ్బు అనలేదు, ఉద్యోగం వల్ల వచ్చే సమస్య అంది. ఎంతకీ తగ్గని పని ఒత్తిడి వల్ల వచ్చే ఈ స్థితికి మూడు గుర్తులు చెప్పింది. శక్తి అంతా అయిపోయినట్టుండటం, పని మీద మనసు విరిగిపోవడం, పనితనం తగ్గిపోవడం. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి.

డిప్రెషన్ దీనికి దగ్గరగానే ఉంటుంది, ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. తేడా కనిపెట్టడానికి మిమ్మల్ని మీరు ఒకటి అడిగి చూసుకోండి. పండక్కి పుట్టింటికి వెళ్లి ల్యాప్‌టాప్ తెరవకుండా మూడు రోజులుంటే మనసు తేలికపడుతోందా? పిల్లాడితో ఆడుకోవాలని, మంచి చీర కట్టుకోవాలని, ఎవరితోనైనా కబుర్లు చెప్పుకోవాలని అనిపిస్తోందా? అనిపిస్తుంటే సమస్య ఎక్కువగా పని దగ్గరే ఉన్నట్టు. ఏదీ రుచించకుండా, ఊరికే ఏడుపు వస్తూ, నేను దేనికీ పనికిరానన్న ఆలోచన రెండు వారాలు దాటి ఉంటే మాత్రం సైకియాట్రిస్టును కలవాలి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకండి, వెంటనే ఇంట్లో చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. నిద్ర పట్టట్లేదని మందుల షాపులో మాత్రలు అడిగి తెచ్చుకోవడం మాత్రం వద్దు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టింది నిద్ర లెక్క. ఒంటిగంట నుంచి ఆరింటిదాకా అంటే ఐదు గంటలు. పెద్దవాళ్లకు కనీసం ఏడు కావాలి. ఆరు నెలలు ఇలా గడిస్తే ఎవరికైనా చిరాకు వస్తుంది, పని నెమ్మదిస్తుంది. కాబట్టి వైద్యం ఇక్కడే మొదలుపెడదాం. బాబును తయారుచేసి బస్సెక్కించే పని వారంలో కనీసం మూడు రోజులు మీ వారో, మామగారో తీసుకోవాలి. మిగతా రోజుల్లో బస్సు వెళ్లగానే గది చీకటి చేసుకుని గంటన్నర పడుకోండి. ఆ పూట వంట పప్పు, ఆవకాయతో సరిపెడితే ఎవరికీ ఏమీ కాదు. రాత్రి మీటింగుల మధ్య కాఫీ తాగే అలవాటుంటే సాయంత్రం ఐదు తర్వాత ఆపేయండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. తొమ్మిదింటి కాఫీలో సగం రాత్రి రెండింటికి కూడా ఒంట్లోనే ఉంటుందన్నమాట.

ఇక అసలు చిక్కు. ఇంట్లోనే ఉంది కదా, ఎప్పుడు పిలిచినా పలుకుతుందని ఆఫీసు అనుకుంటుంది. ఇంట్లోనే ఉంది కదా, ఖాళీయే అని ఇల్లు అనుకుంటుంది. గ్యాస్ బండ వచ్చినా మీరే, చుట్టాలొస్తే కాఫీలూ మీరే, కరెంటు బిల్లూ మీరే. మీకు అర్థమయ్యేలా చెప్పమంటే చెప్తాను, దీన్ని మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి: అమ్మా, ఊడ్పుల్లో రోజంతా నడుం వంచిన మనిషికి సాయంత్రం గట్టెక్కితే ఆ రోజు పని అయిపోయినట్టే. మీ కోడలి పనికి గట్టు లేదు.

ఆ గట్టు మీరే వేసుకోవాలి. మంచం మీద పని మానేయండి. వేరే గది లేకపోతే హాల్లో ఒక మూల బల్ల, కుర్చీ చాలు. లాగిన్‌కి ముందు పావుగంట కాలువ గట్టు మీద నడిచి రండి. పగటి వెలుగు కంట పడితే రాత్రి నిద్రకు కూడా మంచిది. రాత్రి పని అయ్యాక మాత్రం గట్టు మీదకు వెళ్లమనను, పాముల భయం. రేపు మొదట చేయాల్సిన పని ఒక కాగితం మీద రాసిపెట్టి, ల్యాప్‌టాప్‌ని చార్జర్‌తో సహా బీరువాలో పెట్టేయండి. ఆఫీసు యాప్‌ల చప్పుళ్లు ఫోన్‌లో ఆపేయండి. నిజంగా కొంప మునిగితే ఫోన్ చేస్తారు.

ఇవన్నీ చేసినా ఆఫీసు మారకపోతే సగమే ఫలితం. ఉద్యోగులు అలిసిపోయారనగానే ఆన్‌లైన్ యోగా క్లాసు పెట్టించే కంపెనీలంటే నాకు ఒళ్లు మంట. యోగా మంచిదే, కానీ రాత్రి పదకొండింటి మీటింగుకి అది మందు కాదు. పగలు పదకొండు నుంచి అర్ధరాత్రి దాకా అంటే మధ్యలో విరామాలు తీసేసినా మీకు వారానికి 55 గంటలు దాటుతున్నట్టే. అన్ని గంటలు పనిచేసేవాళ్లకు 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క తేల్చాయి. మేనేజరుతో మాట్లాడేటప్పుడు ‘అలిసిపోతున్నాను’ అని ఆగిపోకండి, ఏం కావాలో అడగండి. రాత్రి మీటింగులున్న రోజు మధ్యాహ్నం రెండు, మూడింటికి లాగిన్. వారంలో రెండు రాత్రులు పూర్తిగా ఖాళీ. రికార్డింగ్ చూస్తే సరిపోయే మీటింగులకు హాజరు కానక్కర్లేదు. తుపాను రోజుల్లో కరెంటు, నెట్ పోతే మీ పని ఎవరు చూస్తారో ముందే తేలాలి. సీజన్‌లో ఆ టెన్షన్ ఒక్కటే మనిషిని సగం చేస్తుంది. ఒప్పుకున్నవన్నీ మెయిల్‌లో రాయించుకోండి. ఇంకోమాట, నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి జరుపుతారు, అప్పుడు మీ ఆరున్నర మీటింగు ఏడున్నర అవుతుంది. ఈ మాటలన్నీ అంతకుముందే అయిపోవాలి.

ఉద్యోగం మానడమా? ఐదు గంటల నిద్రతో ఉన్న మనిషి అంత పెద్ద నిర్ణయం తీసుకోకూడదు. పరీక్షలు చేయించుకుని, నిద్ర సరిచేసుకుని, ఆఫీసుతో మాట్లాడి రెండు నెలలు చూడండి. అప్పటికీ మార్పు లేకపోతే వేరే టీమో, పగటి షిఫ్టు ఉన్న వేరే కంపెనీయో వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. ఊరికే మానేసి కూర్చుందామనుకుంటే మాత్రం, ఆ రోజు నుంచి ఇంటి పని మొత్తం ఎవరి మీద పడుతుందో ముందే మీ వారితో కూర్చుని తేల్చుకోండి.