పైన్ అడవుల పురుగులు చదువుతానంటున్న అమ్మాయి: ఒక తల్లి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి కొత్తగూడెంలో బీఎస్సీ బీజెడ్‌సీ రెండో సంవత్సరం చదువుతోంది. కెనడా అడవుల్లో చెట్లను చంపే పురుగుల మీద ఏదో వీడియో చూసినప్పటి నుంచి అదే చదువుతానంటోంది. బీఈడీ చేసి టీచర్ అవమంటే వినడం లేదు. అసలు అలాంటి చదువు ఉంటుందా? ఉద్యోగం వస్తుందా? అడవుల వెంట తిరిగే పనికి ఆడపిల్లను పంపవచ్చా? బంధువులు ఒక కన్సల్టెన్సీ నంబరు ఇచ్చి, డిగ్రీ అవగానే లోన్ పెట్టి పంపేయమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు లోన్ సంగతి చెప్పేస్తాను. డిగ్రీ అవగానే అప్పు చేసి పంపకండి. కన్సల్టెన్సీకి ఇప్పుడే ఫోన్ చేయాల్సిన పని కూడా లేదు. అలాగని అమ్మాయిని ఆపకండి. తను చెబుతున్న చదువు నిజంగా ఉంది, చాలా గొప్ప చదువు. అదేమిటో మీకు కాస్త తెలిస్తే మీ కంగారు సగం తగ్గుతుంది.

తను చూసింది బహుశా బ్రిటిష్ కొలంబియా సంగతి అయ్యుంటుంది. కెనడా పడమటి తీరంలోని రాష్ట్రం అది. అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ చెట్లను మౌంటెన్ పైన్ బీటిల్ అనే పెంకు పురుగు 1990ల చివరి నుంచి ఏళ్ల తరబడి చంపుకుంటూ పోయింది. పురుగు చూస్తే బియ్యపు గింజంత, 5 మిల్లీమీటర్లు. అది పట్టిన అడవి మాత్రం దాదాపు 1 కోటి 80 లక్షల హెక్టార్లు. మన ఆంధ్రప్రదేశ్ మొత్తం కలిపినా అంత లేదు. ఆ రాష్ట్రంలో కోతకు వచ్చిన పైన్ కలపలో సగానికి పైగా అలా పోయింది.

చెట్టు ఊరికే లొంగిపోదు. పురుగు బెరడును తొలవగానే బంక కార్చి దాన్ని బయటికి నెట్టేస్తుంది. నాలుగైదు పురుగులు వస్తే చెట్టుదే గెలుపు. అందుకే ముందు లోపలికి చేరిన ఆడపురుగు ఒక వాసన వదులుతుంది. ఆ వాసన పట్టుకుని వందల పురుగులు ఒకేసారి ఆ ఒక్క చెట్టు మీదే పడతాయి. వాటితో పాటు వచ్చిన బూజు చెక్కలోకి దిగి, వేరు నుంచి నీళ్లు ఎక్కే దారులను మూసేస్తుంది. మరుసటి ఏడాదికి సూదుల్లాంటి ఆకులు ఎర్రబడతాయి. ఆ తర్వాత అవి రాలిపోయి, చెట్టు బూడిద రంగులో ఎండు మోడుగా నిలబడుతుంది.

అంతకుముందు ఈ పురుగును అదుపులో ఉంచింది చలి. చలికాలం దగ్గర పడుతుంటే పిల్లపురుగు గడ్డకట్టకుండా ఒంట్లో గ్లిసరాల్ అనే పదార్థం పోగు చేసుకుంటుంది. అది నిండుగా చేరాక దాన్ని చంపాలంటే మైనస్ 40 డిగ్రీల దాకా చలి పడాలి. గ్లిసరాల్ ఇంకా చేరకముందే అక్టోబరు, నవంబరుల్లో ఉన్నట్టుండి చలి ముంచుకొస్తే మాత్రం అంత అక్కర్లేకుండానే చచ్చిపోతుంది. అలాంటి చలి రావడం తగ్గింది. అయితే తప్పంతా వాతావరణం మీదే వేయలేం. అడవిలో నిప్పు పుట్టిన ప్రతిసారీ దశాబ్దాల పాటు ఆర్పుతూ వచ్చారు. దాంతో ముదురు పైన్ చెట్లు ఎడతెగకుండా పెరిగిపోయాయి. ఈ పురుగుకు ఇష్టమైనవి అవే, బెరడు కింద తినే పొర మందంగా ఉన్న పెద్ద చెట్లు. అడవిని కాపాడుతున్నామనుకుని చేసిన పనే పురుగుకు మేత సిద్ధం చేసింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీ అమ్మాయి పురుగు ఒక్కదాన్నే చూస్తోందని నాకు అనుమానం. ఈ రంగంలో పైకి వచ్చేవాళ్లు ముందు చెట్టును చదువుతారు. చెట్టు ఏ ఏడు ఎంత పెరిగింది, దానికి బంక కార్చే శక్తి ఎప్పుడు ఉంటుంది, ఏ వయసులో నరకాలి, ఎంత ఎడంగా పెంచాలి, ఇవి తెలిస్తేనే పురుగు ఎందుకు గెలిచిందో అర్థమవుతుంది. తూర్పు కెనడాలో స్ప్రూస్ బడ్‌వర్మ్ అనే గొంగళి పురుగు 30, 40 ఏళ్లకోసారి విరుచుకుపడి ఫర్, స్ప్రూస్ చెట్ల లేత ఆకు తినేస్తుంది. పూర్వం ఎప్పుడెప్పుడు వచ్చిందో చెట్టు అడ్డకోతలోని వలయాలే చెబుతాయి. పురుగు తిన్న ఏళ్లలో వలయాలు సన్నగా ఉంటాయి. పక్కనే ఉన్న, ఆ పురుగు ముట్టని జాతి చెట్టులో అవే ఏళ్ల వలయాలు మామూలుగా ఉంటాయి. వానలు లేక సన్నబడితే రెండు చెట్లలోనూ సన్నబడాలి కదా! ఇలా రెండు చెట్లను పక్కపక్కన పెట్టి చదివే ఓపిక మీ అమ్మాయికి ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఆ పరీక్ష కెనడా వెళ్లి రాయనక్కర్లేదు. మీ ఊళ్లోనే టేకు ఉంది. మన వేడి దేశాల చెట్లలో ఏడాదికో వలయం స్పష్టంగా కనిపించేవి తక్కువ, వాటిలో టేకు ఒకటి. పైగా దానికి ఆకు తినే పురుగులు ముఖ్యంగా రెండు రకాలు. తొలకరికి వచ్చే లేత ఆకును మొత్తంగా తినేసేది ఒకటి. వానలు వెనకబడే వేళకు వచ్చి, ఈనెలు మాత్రం వదిలి ఆకును జల్లెడలా చేసేది రెండోది. చూడటానికి రెండోదే భయంకరంగా ఉంటుంది. కానీ చెట్టు బాగా పెరిగే కాలంలో ఆకు పోవడం వల్ల మొదటి దానితోనే ఎక్కువ నష్టం. కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు నీలంబూరు లేత టేకు తోటల్లో కొలిచి చూస్తే, పెరగాల్సిన కలపలో 44 శాతం ఆ పురుగు వల్లే పెరగకుండా పోయిందని తేలింది. పురుగు వల్ల చెట్టు పెరుగుదల ఎంత తగ్గింది? పైన్ అడవుల వాళ్లు అడిగే ప్రశ్న కూడా ఇదే.

అందుకని తొలకరి నుంచి దసరా దాకా, చేను గట్ల మీద టేకు ఉన్న రైతును అడిగి ఒక ఇరవై చెట్లకు నంబర్లు వేయమనండి. వారానికోసారి వెళ్లి ఆకు ఎంత పోయిందో రాసుకోవాలి. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి టేపుతో చుట్టుకొలత తీయాలి. సా మిల్లుకు వెళ్లి దుంగల కోతలో వలయాలు లెక్కపెట్టడం నేర్చుకోవాలి. రిజర్వు ఫారెస్టులోకి మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లవద్దని గట్టిగా చెప్పండి. వానలో, దోమల్లో, ఏమీ జరగని వారాల్లో కూడా తను మానకుండా వెళ్లిందంటే నాకు ఇంకేమీ సందేహం ఉండదు. రెండు వారాలకే విసుగొస్తే అదీ మంచిదే, లోన్ పెట్టకముందే తెలిసింది.

దానితో పాటు స్టాటిస్టిక్స్. ఈ మాట మీరు ఎన్నిసార్లు చెప్పినా పరవాలేదు. చలి దేశాల్లో అడవి పని వేసవి నాలుగు నెలలే. మిగతా ఏడాదంతా కంప్యూటర్ ముందు లెక్కలే. 'ఆర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పుడే మొదలుపెట్టాలి. బీజెడ్‌సీ పిల్లలు లెక్కలంటే భయపడి ఇక్కడే వెనకబడటం నేను చాలాసార్లు చూశాను.

డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ మన దేశంలోనే చేయించండి. డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ ఫారెస్ట్రీకి బోటనీ, జువాలజీ చదివినవాళ్లు దరఖాస్తు చేయవచ్చు. అక్కడి నుంచి హిమాలయాల దేవదారు, చిర్ పైన్ అడవులు దగ్గర. సూదాకు చెట్ల అడవి ఎలా ఉంటుందో కళ్లారా చూస్తుంది. హైదరాబాద్ శివారు దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది, సెలవుల్లో ప్రాజెక్టు చేయనిస్తారేమో వెళ్లి అడగండి. చెట్ల వలయాల మీద మనసు పోతే లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలో దాని మీద మంచి పని జరుగుతోంది.

ఉద్యోగాల గురించి దాచకుండా చెబుతాను. బ్రిటిష్ కొలంబియాలో పురుగు చంపిన చెట్లను నరికేశాక కలప తగ్గిపోయి చాలా సా మిల్లులు మూతపడ్డాయి. కాబట్టి 'అడవులు ఎక్కువ, అందుకే ఉద్యోగాలు ఎక్కువ' అన్న లెక్క తప్పు. అడవి ఆరోగ్యాన్ని విమానాల నుంచి, ఉపగ్రహ చిత్రాల నుంచి గమనించేవాళ్లకు, చెట్ల పెరుగుదలను లెక్కగట్టేవాళ్లకు పని ఉంది. అక్కడి కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రాల్లో స్థానికులకే ముందు అవకాశం. క్యూబెక్‌లో ఫ్రెంచ్, స్వీడన్‌లో అడవి యజమానులతో మాట్లాడే పనికి స్వీడిష్ కావాలి. ఇక్కడైతే అదే చదువుతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు, దానికి బోటనీ, జువాలజీ డిగ్రీ చాలు. నెట్ రాసి లెక్చరర్ కావచ్చు. బీఈడీ దారి కూడా ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయవచ్చు.

ఆడపిల్ల సంగతి అడిగారు. ఆ దేశాల్లో అడవి పనికి సాధారణంగా జట్టుగా వెళతారు, ఎక్కడున్నారో ఎప్పటికప్పుడు ఫోన్‌లో చెబుతుంటారు. అమ్మాయిలు చాలామందే ఉంటారు. పని కష్టమే, పడిపోయిన మానుల మీదుగా రోజంతా నడవాలి. మీ అమ్మాయి చేయలేని కష్టం మాత్రం కాదు.

ఇక విదేశానికి వెళ్లడం ఎమ్మెస్సీ తర్వాత. స్వీడన్‌లో పీహెచ్‌డీ అంటే మామూలుగా జీతమిచ్చే ఉద్యోగమే, ఫీజు ఉండదు. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం అటవీ విభాగం ఉమియో పట్టణంలో, ఉత్తరపు అడవుల మధ్యే ఉంది. కెనడాలో రీసెర్చ్ సీట్లకు గైడ్‌గా ఉండే ప్రొఫెసరే చాలాసార్లు నెలనెలా డబ్బు ఏర్పాటు చేస్తారు. థీసిస్ లేని, మొత్తం ఫీజు మనమే కట్టే కోర్సుల జోలికి వెళ్లకండి. ప్రొఫెసర్లకు నేరుగా మెయిల్ రాయాలి, అందుకు కన్సల్టెన్సీ అక్కర్లేదు. ఆ మెయిల్‌లో మార్కుల కంటే ముందు టేకు చెట్ల లెక్క రాయమనండి: ఎన్ని చెట్లు చూసింది, ఎన్ని వారాలు చూసింది, ఆకు పోయిన చెట్టుకూ పోని చెట్టుకూ చుట్టుకొలతలో ఏం తేడా వచ్చింది. రాశాక పంపేముందు నాకు చూపించమనండి, ఇద్దరం కలిసి సరిచేద్దాం.