క్లోనింగ్ పశువుల పాలు, మాంసం: ఒక గోపాలమిత్ర జవాబు

మీరు రెండు సంగతులు అడిగారు. హరియాణాలోని కర్నాల్‌లో గిర్ జాతి ఆవును క్లోన్ చేశారని చదివాక, అలాంటి పశువుల పాలు మన పాల కేంద్రాల్లో కలిసిపోతే పిల్లలకు ప్రమాదమా అన్నది ఒకటి. టెక్కలి దగ్గర మీ నాన్నగారు సాకుతున్న నాలుగు గేదెలకు దీనివల్ల ఏమైనా మేలుందా అన్నది రెండోది. నేను శాస్త్రవేత్తను కాను. గజపతినగరం, బొండపల్లి వైపు ఊళ్లలో చాలా ఏళ్లు గోపాలమిత్రగా, ఎదకొచ్చిన పశువులకు చూడి కట్టించే వీర్యం సూదులు వేశాను. ఇంట్లో ఇప్పటికీ గేదెలున్నాయి. చదివిందీ చూసిందీ కలిపి చెబుతాను.

పాల గురించి భయపడకండి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఏళ్ల తరబడి పరిశీలించి 2008 జనవరిలో తేల్చి చెప్పింది: ఆవు, పంది, మేక క్లోన్ల పాలకూ మాంసానికీ, మామూలు పశువుల పాలకూ మాంసానికీ ఆహారంగా తేడా లేదని. గొర్రెల విషయంలో మాత్రం సమాచారం చాలలేదని ఆగింది. అదే ఏడాది జులైలో ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా తినేవాళ్ల వైపు నుంచి తేడా ఉన్నట్టు ఆధారం కనిపించలేదనే చెప్పింది.

తేడా ఎందుకుండదో తెలిస్తే మనసు కుదుటపడుతుంది. చాలామంది దీన్ని బీటీ పత్తితో కలిపి చూస్తున్నారు. అందులో బయటి జన్యువు తెచ్చి చేర్చారు. క్లోనింగ్‌లో కొత్తగా చేర్చేది ఏదీ లేదు. మేలైన ఆవు చర్మం నుంచి ఒక కణం తీసుకుంటారు. ఇంకో ఆవు అండం తీసి, అందులోని కేంద్రకాన్ని తొలగించి, ఆ ఖాళీ అండంలో ఈ కణాన్ని కలుపుతారు. ప్రయోగశాలలో వారం రోజులు పెరిగాక మరో ఆవు గర్భంలో పెడతారు. పుట్టే దూడ, కణం ఇచ్చిన ఆవుకి చాలా ఆలస్యంగా పుట్టిన కవల లాంటిది. కవలల్లో ఒకరి పాలు మంచివై, రెండోవారి పాలు విషమయ్యే వీలు లేదు కదా.

పైగా ఆ పాలు మీ గ్లాసు దాకా రావడమే కష్టం. మన దేశంలో క్లోన్లు కొద్దే, అవీ ఎక్కువగా పరిశోధనా సంస్థలు పుట్టించినవే. కర్నాల్ జాతీయ పాడి పరిశోధనా సంస్థలో 2023 మార్చిలో పుట్టిన గిర్ పెయ్య గంగ, హిసార్‌లోని గేదెల పరిశోధనా సంస్థలో 2015 డిసెంబరులో పుట్టిన హిసార్ గౌరవ్ అనే దున్న అలాంటివే. అంత ఖర్చుపెట్టి పుట్టించిన పశువును ఎవరూ కోసుకు తినరు. దాని వీర్యం వాడతారు, పిండాలు తీస్తారు. మార్కెట్‌లోకి వస్తే గిస్తే వచ్చేది వాటి పిల్లలు, పిల్లల పిల్లలే.

అయితే నా అభ్యంతరం మోసే తల్లి గురించి. వాదించుకునేవాళ్లు ఇటు తినేవాళ్లనూ అటు శాస్త్రాన్నీ చూస్తున్నారు గానీ, మధ్యలో శాలలో కట్టేసి ఉన్న ఆ పశువును చూడటం లేదు.

మా పక్క ఊళ్లో ఒక రైతుకు పొట్టి నాటు ఆవుండేది. మెట్ట మీద మేసి, గెడ్డలో నీళ్లు తాగి బతికే రకం. పాలు పెరుగుతాయని ఎవరో దానికి పెద్ద విదేశీ జాతి సూది వేశారు. తొలిచూలు. వానాకాలం రాత్రి నొప్పులు మొదలయ్యాయి. ఉమ్మనీరు పోయింది, ముందు గిట్టలు రెండూ కనిపించాయి, తల మాత్రం రాదు. నన్ను పిలిస్తే నేను పశువైద్యుడిని పిలిచాను. నూనె రాసి, గిట్టలకు తాళ్లు కట్టి, అది నొప్పి తీసినప్పుడల్లా మేమూ లాగాము. తెల్లవారేసరికి దూడ బయటపడింది, ప్రాణం లేదు. ఆ ఎముకల గూటిలో అంత దూడ ఎలా పట్టిందా అనిపించింది. తల్లికి వెనక కాళ్లు చచ్చుబడిపోయాయి. కింద గడ్డి పరిచి, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పుతూ ఆ రైతు ఇల్లాలు చోడి (రాగి) గంజి పట్టింది. ఆవు మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి పొట్టి పశువు ఎదకొస్తే, రైతు ఎంత బతిమాలినా నేను పెద్ద జాతి వీర్యం వేయలేదు.

క్లోనింగ్‌లో తరచూ ఎదురయ్యేది ఇదే. దూడ కడుపులో ఉండాల్సినదానికన్నా పెరిగిపోతుంది, మాయ సరిగా ఏర్పడదు, ఉమ్మనీరు విపరీతంగా పడుతుంది. చాలా పిండాలు నిలవవు. నిలిచినవాటిలో కొన్ని పుట్టాక ఊపిరాడక పోతాయి. 1996లో స్కాట్లాండ్‌లో డాలీ అనే గొర్రె పుట్టిందని అందరికీ తెలుసు. ఆ ఒక్క పిల్ల కోసం 277 అండాలతో ప్రయత్నించారనీ, వాటిలో పిండాలుగా ఎదిగినవి 29 అనీ, బతికి బయటపడింది ఒక్కటే అనీ తెలిసినవాళ్లు తక్కువ. కర్నాల్‌లోనూ 2009 ఫిబ్రవరిలో పుట్టిన మొదటి గేదె దూడ కొద్ది రోజులకే పోయింది. జూన్‌లో పుట్టిన గరిమ రెండేళ్లు బతికింది. 2010లో పుట్టిన గరిమ-2 మాత్రం పెరిగి, సూదితోనే చూడి కట్టి, 2013 జనవరిలో మహిమ అనే పెయ్యను ఈనింది. ఆ శాస్త్రవేత్తల శ్రమను నేను తక్కువ చేయను. డాలీ నాటికీ ఇప్పటికీ పద్ధతి మెరుగైంది కూడా. అయినా ఇంకో లీటరు పాల కోసం ఊరూరా ఆ నొప్పులు పెంచే పనైతే నాకు ఒప్పుదల కాదు. ఐరోపా పార్లమెంటు 2015 సెప్టెంబరులో 529–120 ఓట్లతో పాడి, మాంస పశువుల క్లోనింగ్‌ను నిషేధించాలని కోరినప్పుడు ముందు పెట్టిన కారణాల్లో పశువుల బాధ ఒకటి. ఆ ప్రతిపాదన చట్టం కాలేదు, అది వేరే సంగతి.

రెండో భయం మంద గురించి. క్లోనింగ్ లేకుండానే, ఒక్క ఆబోతును అతిగా వాడితే ఏమవుతుందో అమెరికాలో చూశారు. 1962లో పుట్టిన చీఫ్ అనే హోల్‌స్టీన్ పాడి జాతి ఆబోతుకు 16,000 మంది కూతుళ్లు, 5 లక్షల మంది మనవరాళ్లు, 20 లక్షలకు పైగా మునిమనవరాళ్లు. పాలు బాగా పెరిగాయి, నిజం. కానీ దాని ఒంట్లో లోపమున్న జన్యువు ఒకటి దాగి ఉంది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ అది అందిన పిండం కడుపులోనే పోతుంది. దానివల్ల ప్రపంచమంతా 5 లక్షలకు పైగా చూళ్లు ఈసుకుపోయి (కడుపు పోయి) ఉంటాయని 2016లో లెక్కగట్టారు. సూదులు వేసినవాళ్లకు తెలియదు, పెంచినవాళ్లకు తెలియదు. ఆవు చూడి నిలవక తిరగబెట్టిందనుకున్నారు, మళ్లీ సూది వేయించారు. ఒకే పశువును వందసార్లు అచ్చు దింపితే, దాని మంచితో పాటు మనకు కనపడని చెడునూ వందసార్లు దింపినట్టే.

మానాపురం సంతకు వెళ్లి చూడండి. ఏ రెండు పశువులూ ఒక్కలా ఉండవు. కొమ్ము వేరు, రంగు వేరు, ఎండకు తట్టుకోవడం వేరు. ఊళ్లోకి గాలికుంటు జబ్బు వస్తే అన్నీ ఒకేలా పడిపోవు. కొన్ని రెండు రోజులు నురగ కార్చి మళ్లీ మేతకు దిగుతాయి. చిన్న రైతు నిలదొక్కుకునేది ఆ కొన్నింటి వల్లే.

అలాగని క్లోనింగ్ అక్కర్లేదని అనను. అంతరించిపోతున్న జాతిలో చివరి పశువుల కణాలు దాచుకోవడం, చనిపోయిన మేటి ఆబోతును తిరిగి తెచ్చుకోవడం లాంటివి ప్రభుత్వ సంస్థల్లో, కొద్ది సంఖ్యలో, మోసే తల్లికి పూర్తి వైద్యం ఉంచి చేస్తే నేను మద్దతిస్తాను. వ్యాపారంగా వద్దంటున్నాను.

ఇంకో మాట మీ పిల్లల పక్షాన. ప్రమాదం లేకపోయినా చెప్పి అమ్మాలి. అమెరికాలో క్లోన్ల పిల్లల పాలకు గానీ మాంసానికి గానీ ప్రత్యేక లేబుల్ అక్కర్లేదన్నారు. 2010లో బ్రిటన్‌లో, అమెరికాలో క్లోన్ చేసిన ఒక ఆవు సంతానమైన ఎద్దుల మాంసం అప్పటికే జనం తినేశారని బయటపడింది. ఎవరికీ జబ్బు చేయలేదు. అయినా జనానికి కోపం వచ్చింది, రావాలి కూడా. ఏది తింటున్నామో తెలుసుకునే హక్కు ఆరోగ్యం ఒక్కదానికోసమే కాదు. పశువు బాధ వద్దనుకుని మానేసేవాళ్లుంటారు, వాళ్ల నమ్మకాన్నీ గౌరవించాలి. మన దగ్గర అలాంటి పాలు రాకముందే ఈ నియమం వచ్చేయాలి.

ఇక మీ నాన్నగారి గేదెలు. ఆయనకు క్లోన్ అవసరం లేదు. మా శాలలో ఒకే ముర్రా గేదె కడుపున, ఒకే ఆబోతు వీర్యానికి పుట్టిన అక్కచెల్లెళ్లున్నాయి. పెద్దదానికి దూడప్పటి నుంచీ పచ్చగడ్డి, నట్టల మందు వేళకు అందాయి. చిన్నది వానల్లేని కాలంలో వట్టి వరిగడ్డి మీద పెరిగింది. ఆలస్యంగా ఎదకొచ్చింది, పాలలో అక్కను ఎప్పుడూ అందుకోలేదు. జాతి ఎంత మేలైనా మేత లేకపోతే అంతే. కాస్త మడి గట్టున సూపర్ నేపియర్ గడ్డి పెంచుకోమనండి, దాణాలో ఖనిజ లవణాల మిశ్రమం కలపమనండి.

ఎండాకాలంలో గేదెకు మూగ ఎద వస్తుంది, అరవదు. తెల్లవారుజామున తోక కింద జిగురు తీగలు కనిపిస్తున్నాయేమో చూడాలి. పొద్దున్న కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున్న సూది వేయించాలి. సచివాలయంలో పశుసంవర్ధక సహాయకుణ్ని అడిగితే పెయ్యదూడలే పుట్టే వీర్యం గురించి చెబుతారు. దాంతో నూటికి 90 దాకా పెయ్యలే పుడతాయి. చూడి కట్టేది మామూలు వీర్యం కన్నా కొంచెం తక్కువ కాబట్టి, ఒంట్లో కండ ఉండి ఎద స్పష్టంగా తెలిసే గేదెకే వేయించమనండి. ఏ ఆబోతు వీర్యం వేశారో ఆ నంబరు గోడ మీదైనా రాసి ఉంచుకోమనండి. పుట్టిన పెయ్య పెరిగి ఎదకొచ్చినప్పుడు అదే నంబరు దానికి పడకూడదు.